సాక్షికి గాయం
అల్జీరియా యుద్ధ రహస్యాలను బయటపెట్టినవారిపై ఫ్రెంచి ప్రభుత్వం వేసిన నిందలు

హదీసు విద్యలో ‘జర్హ్ వ తాదీల్’ అనే శాస్త్రం ఒకటి ఉన్నది. ఉల్లేఖకుల యోగ్యతాయోగ్యతలను నిగ్గుదేల్చే శాస్త్రమిది. ఉల్లేఖకుణ్ణి నమ్మదగినవాడని నిర్ధారించడం తాదీల్, అతనిలో లోపం చూపడం జర్హ్. అరబీలో ‘జర్హ్’ అనే మాటకు అసలు అర్థం గాయపరచడం. ఒకని మాటను తోసిపుచ్చడానికి అతని పరువునే గాయపరచవలసి వస్తున్నది గనుక, ఈ పనికి పూనుకున్నవారికే పెద్దలు కొన్ని కట్టుబాట్లు విధించారు. కారణం విడమరచి చెప్పని జర్హ్ చెల్లదని హిజ్రీ 643లో మరణించిన ఇబ్నుస్సలాహ్ రాశారు. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే స్పెయిన్ దేశపు విద్వాంసుడు ఇబ్ను అబ్దుల్‌బర్, సమకాలికులు వైరంతో, ఈర్ష్యతో ఒకరి మీద ఒకరు వేసుకునే నిందలను ఆధారం లేనిదే స్వీకరించరాదని చెప్పడానికి ఒక అధ్యాయాన్నే కేటాయించారు.

ఇవి విద్వాంసుల మధ్య విధించుకున్న కట్టుబాట్లు. సాక్షిని గాయపరచేది ఒక ప్రభుత్వమే అయినప్పుడు, సాక్ష్యం ఆ ప్రభుత్వానికే వ్యతిరేకంగా ఉన్నప్పుడు, పత్రికలూ న్యాయస్థానాలూ జైళ్ళూ దాని చేతిలోనే ఉన్నప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి 1954 నుండి 1962 వరకు సాగిన అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధాన్ని మించిన ఉదాహరణ అరుదు. ఆ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం ఖైదీలను చిత్రహింసలు పెట్టిందన్న మాట నేడు ఎవరూ కాదనరు. ఆనాడు ఆ మాట అన్నవారిని మాత్రం అబద్ధాలకోరులని, దేశద్రోహులని, అమ్ముడుపోయినవారని అన్నారు. ఆ ముద్రలు చెరిగిపోవడానికి కొందరి విషయంలో అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఫ్రాన్సు 1830లో అల్జీరియాను ఆక్రమించింది. కాలక్రమేణ దానిని వలస దేశమనడం కూడా మాని, తన దేశంలో కొన్ని జిల్లాలుగానే పరిగణించింది. అక్కడ స్థిరపడిన యూరోపియనులు సుమారు 10 లక్షలు. వారికి ఎనిమిది తొమ్మిది రెట్లున్న ముస్లిములకు మాత్రం ఆ ‘సొంత దేశం’లో సమానమైన ఓటు కూడా లేదు. 1954 నవంబరు 1న జాతీయ విమోచన కూటమి ఆయుధాలు పట్టింది. ఫ్రెంచి ప్రభుత్వం దానిని యుద్ధం అనలేదు. యుద్ధమంటే ఎదుట మరొక దేశమున్నట్లు ఒప్పుకున్నట్లవుతుంది! అందుచేత ‘సంఘటనలు’ అన్నారు, ‘శాంతిభద్రతల పరిరక్షణ’ అన్నారు. ‘అల్జీరియా యుద్ధం’ అనే మాటను ఫ్రెంచి శాసనసభ చట్టబద్ధంగా అంగీకరించినది 1999 అక్టోబరులో.

సైనికుల వాడుకలోని మాటలు ఇంకా చిత్రమైనవి. హింసించి ప్రశ్నించడానికి ‘గట్టి విచారణ’ అని పేరు. ఖైదీని ఊరి బయటకు తీసుకుపోయి కాల్చివేయడానికి ‘కట్టెలు కొట్టే పని’ అని పేరు. పారిపోబోతుంటే కాల్చవలసి వచ్చిందని నివేదికలో రాసేవారు. రహస్యం దాచే పని పత్రాలను బీరువాలో పెట్టి తాళం వేసినప్పుడు మొదలుకాదు. జరిగినదానికి వేరే పేరు పెట్టినప్పుడే మొదలవుతుంది.

1956 మార్చిలో పార్లమెంటు ప్రభుత్వానికి అల్జీరియాలో ప్రత్యేకాధికారాలు ఇచ్చింది. 1957 జనవరి 7న రాజధాని అల్జీర్స్‌లో పోలీసు అధికారాలు యావత్తూ జనరల్ మసూ నాయకత్వంలోని పదవ పారాచూట్ డివిజన్‌కు అప్పగించారు. నగరంలో విమోచన కూటమివారు బాంబులు పేల్చుతున్నారు, వాటికి సామాన్యులు బలి అవుతున్నారన్నది నిజం. ఆ నిజాన్నే ప్రభుత్వం తరువాత ప్రతి ప్రశ్నకూ అడ్డం పెట్టింది. ఖస్బాలోని ఇరుకు సందుల్లోంచి వేలమందిని రాత్రిళ్ళు లేపి పట్టుకుపోయారు.

అప్పుడు అల్జీర్స్ పోలీసు శాఖకు ప్రధాన కార్యదర్శిగా ఉన్నవాడు పోల్ టైట్‌జెన్. ఆయన విప్లవవాది కాడు, కమ్యూనిస్టు కాడు, కాథలిక్ మతస్థుడు. జర్మను ఆక్రమణ కాలంలో ప్రతిఘటనోద్యమంలో పనిచేసి, గెస్టపో చేతిలో హింసలు పడి, డకావ్ నిర్బంధ శిబిరంలో బతికి బయటపడినవాడు. 1957 మార్చి 24న ఆయన అల్జీరియా వ్యవహారాల మంత్రి రొబేర్ లాకోస్త్‌కు రాజీనామా పత్రం ఇచ్చాడు. శిబిరాల్లో తాను చూసిన ఖైదీల శరీరాలపై, పద్నాలుగేళ్ళ క్రితం నాన్సీ నగరపు గెస్టపో నేలమాళిగల్లో తాను స్వయంగా అనుభవించిన హింసల గుర్తులనే ఆనవాలు పట్టానని అందులో రాశాడు.

ఇట్టి మనిషిపై ఏ నింద వేయగలరు? ప్రభుత్వం మరొక మార్గం పట్టింది. లాకోస్త్ రాజీనామాను అంగీకరించలేదు. సంగతి బయటకు పొక్కనివ్వవద్దని కోరాడు. టైట్‌జెన్ సెప్టెంబరు దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. అక్కడ ఉండి చేసిన పని ఒకటి చరిత్రకు దక్కింది. సైన్యం పట్టుకున్నవారి నిర్బంధ ఉత్తర్వుల మీద ఆయన సంతకం కావాలి. ఆ సంతకాల లెక్కనూ, తిరిగి కనిపించినవారి లెక్కనూ పోల్చి చూసుకున్నాడు. 3,024 మంది ఏమయ్యారో తేలలేదు. ఈ సంఖ్య కచ్చితత్వంపై చరిత్రకారులు తర్వాత వాదించుకున్నారు. ఒక గుమాస్తా లెక్కలాంటి ఈ లెక్క సైనిక ప్రకటనలన్నింటికంటె ఎక్కువ కాలం నిలిచిందనడంలో వివాదం లేదు.

టైట్‌జెన్ లేఖ తేదీకి ముందురోజే, మార్చి 23న, అలీ బూమెంజెల్ అనే యువ న్యాయవాది సైనికుల నిర్బంధంలో ఉండి ఒక భవనం పైఅంతస్తు నుండి పడి మరణించాడు. ఆత్మహత్య అన్నారు. అదే నెల మొదట్లో విమోచన కూటమి నాయకుడు అల్-అరబీ బిన్ మహీదీ గదిలో ఉరివేసుకున్నాడన్నారు. రెండూ ఆత్మహత్యలే! పారిస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు రెనే కాపితాన్, ఒకప్పుడు బూమెంజెల్‌కు న్యాయశాస్త్రం బోధించినవాడు, నిరసనగా తన పాఠాలు ఆపివేస్తున్నట్లు విద్యామంత్రికి లేఖ రాశాడు. ఆత్మహత్య మహాపాపమని నమ్మే ఒక ముస్లిం కుటుంబానికి, ‘మీవాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు’ అని సర్కారు ముద్ర వేసి చెప్పడం ఎటువంటి గాయమో ఇక్కడ విస్తరించి రాయనక్కర లేదు. చనిపోయినవాడి శరీరంపైని గాయాలే సాక్షులు. ఆ సాక్షులను కూడా అబద్ధమాడించారు.

అదే వసంతకాలంలో ఒక జనరల్ నోరు విప్పాడు. పారి ద బొలార్దియేర్ నార్విక్ మొదలు ఎన్నో రణరంగాల్లో పోరాడి అత్యున్నత పతకాలు పొందిన సైనికుడు. మసూ పద్ధతులు తనకు సమ్మతం కావని చెప్పి, తన సేనాపత్యం నుండి తప్పించమని కోరాడు. అల్జీరియాలో ఆయన కింద పనిచేసి వచ్చిన పత్రికా సంపాదకుడు సెర్వాన్-ష్రేబర్ అక్కడి స్థితిని రాసినందుకు సైన్యం మనోధైర్యాన్ని దెబ్బతీశాడన్న నేరం మోపితే, బొలార్దియేర్ ఆయనను సమర్థిస్తూ రాసిన లేఖ 1957 మార్చి 29న ‘లెక్స్‌ప్రెస్’ పత్రికలో వెలువడింది. ఫలితం, జనరల్‌కు 60 రోజుల కోట నిర్బంధం. లేఖలో చెప్పినది అబద్ధమని శిక్ష విధించలేదు. సైనికుడు అనుమతి లేకుండా మాట్లాడరాదన్న నియమం ఉల్లంఘించాడని విధించారు. హింసించినవారికి శిక్ష లేదు, హింస జరుగుతున్నదన్నవాడికి ఉన్నది. ఈ తక్కెడ ఈ కథలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

అంతకు ముందు ఏడాదే ఆన్రి మరూ అనే చరిత్రకారుడు ‘ల మోంద్’ పత్రికలో నిర్బంధ శిబిరాలను, చిత్రహింసలను ఖండిస్తూ వ్యాసం రాస్తే పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేశారు. రక్షణమంత్రి అటువంటివారిని ‘ప్రియమైన ప్రొఫెసర్లు’ అని ఎగతాళి చేశాడు. మరూ జీవితమంతా పరిశోధించినది సెయింట్ అగస్టీన్‌ను. ఆ అగస్టీన్ పుట్టినది, బిషప్పుగా ఉన్నది, మరణించినది నేటి అల్జీరియా గడ్డ మీదనే. ఆ గడ్డ గురించి మాట్లాడడానికి మరూకు ఉన్న అర్హత మంత్రికి ఉన్నదా అని ఎవరూ అడిగినట్లు లేదు.

ప్రధాని గీ మొలే అటువంటి ఘటనలు వేళ్ళపై లెక్కించదగినన్నేనన్నాడు. నిరసన పెరిగేసరికి ‘వ్యక్తి హక్కుల పరిరక్షణ సంఘం’ నియమించాడు. సంఘం విచారించి నివేదిక ఇచ్చింది. నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టింది. చివరకు 1957 డిసెంబరులో ‘ల మోంద్’ దానిని ప్రచురించింది. విచారణ సంఘాలు, వాటి నివేదికల గతి భారతీయ పాఠకులకు కొత్త విషయం కాదు గనుక దానిని ఇంతటితో వదలవచ్చు.

1957 జూన్ 11 రాత్రి పారాచూట్ సైనికులు అల్జీర్స్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించే మోరిస్ ఓదాన్ అనే 25 ఏళ్ళ యువకుణ్ణి ఇంటినుండి తీసుకుపోయారు. భార్య జోజెట్, ముగ్గురు పసిపిల్లలు. మరునాడు అదే ఇంటికి వచ్చిన ఆన్రి అలెగ్ అనే పాత్రికేయుడు అక్కడ కాపు కాసిన సైనికులకు చిక్కాడు. అలెగ్ అప్పటికే నిషేధానికి గురైన ‘అల్జే రెపుబ్లికేన్’ పత్రికకు సంపాదకుడు. ఇద్దరినీ ఎల్-బియార్‌లోని నిర్బంధ కేంద్రానికి చేర్చారు.

ఓదాన్ మళ్ళీ కనబడలేదు. జూన్ 21న అతనిని జీపులో తీసుకుపోతుండగా తప్పించుకు పారిపోయాడని సైన్యం ప్రకటించింది. జోజెట్ నమ్మలేదు. హత్య జరిగిందని ఫిర్యాదు చేసింది. డిసెంబరులో సొర్బాన్‌లో గణితాచార్యుడు లొరాన్ ష్వార్జ్ తదితరుల చొరవతో, ఓదాన్ సిద్ధాంత వ్యాసాన్ని అతని పరోక్షంలోనే పరీక్షకుల ముందు చదివి అతనికి డాక్టరేటు ప్రదానం చేశారు. సైన్యం లెక్కలో పారిపోయినవాడు, విద్వాంసుల లెక్కలో హాజరు కాలేకపోయినవాడు.

పియేర్ విదాల్-నాకే అనే యువ చరిత్రకారుడు ఈ వ్యవహారాన్ని చేపట్టాడు. ప్రాచీన గ్రీకు చరిత్ర ఆయన చదువు. తల్లిదండ్రులను నాజీలు ఔష్‌విట్స్‌లో చంపారు. సైన్యపు సొంత పత్రాలనే పక్కపక్కన పెట్టి, తేదీలు, వేళలు, సంతకాలు, సాక్షుల మాటలు సరిపోల్చి, ఆ ‘పారిపోవడం’ ఒక నాటకమని 1958 మేలో ‘ఓదాన్ వ్యవహారం’ అన్న పుస్తకంలో వాదించాడు. ముహద్దిస్‌లు ఇస్నాద్‌ను పరిశీలించే తీరుకూ ఇతని తీరుకూ ఎంతో దూరం లేదు. మాటను తోసివేయడానికో నమ్మడానికో ముందు, అది ఎవరి నోటినుండి ఎవరి చెవికి ఎప్పుడు చేరిందో చూడడమే రెండింటి పద్ధతీ. రెండేళ్ళ తరువాత, అల్జీరియాలో యుద్ధం చేయనన్న యువకులను సమర్థించిన 121 మంది ప్రకటనపై సంతకం చేసినందుకు విదాల్-నాకేను బోధన నుండి సస్పెండు చేశారు. ష్వార్జ్‌ను సైనిక మంత్రిత్వశాఖ పోలిటెక్నిక్ కళాశాల నుండి తొలగించింది.

అలెగ్ మాత్రం బతికాడు. నెలరోజులు హింసలు పడి, శిబిరానికి, తరువాత జైలుకు మారిన అతడు తనకు జరిగినది చిన్న చిన్న కాగితాలపై రాసి న్యాయవాదుల ద్వారా బయటకు పంపాడు. 1958 ఫిబ్రవరిలో మినుయి ప్రచురణాలయం దానిని ‘లా కెస్తియోన్’ పేరుతో అచ్చువేసింది. ఫ్రెంచిలో ఆ మాటకు ‘ప్రశ్న’ అన్నది ఒక అర్థం. పాత న్యాయభాషలో నేరస్థుణ్ణి హింసించి చెప్పించడమన్నది మరొక అర్థం. తెలుగులో ‘ప్రశ్న’ అంటే రెండోది పోతుంది. ఉర్దూలో ‘పూఛ్‌తాఛ్’ అంటే కొంత దగ్గరకు వస్తుంది. ఠాణా గడప తొక్కినవారికి ఆ మాటలోని రెండో అర్థం విడమరచి చెప్పనక్కర లేదు.

పుస్తకంలో ఆవేశం లేదు. విద్యుత్ తీగలు ఎక్కడ తగిలించారో, నీళ్ళు ఎలా పోశారో, ఎవరు ఏమన్నారో వరుసగా ఉంటుంది. 60 వేలకు మించి ప్రతులు అమ్ముడైన తరువాత మార్చి నెలాఖరులో ప్రభుత్వం దానిని జప్తు చేసింది. కారణం అబద్ధమని కాదు, సైన్యం మనోధైర్యాన్ని దెబ్బతీసే ప్రయత్నమని! దాని గురించి సార్త్ర్ రాసిన వ్యాసమున్న ‘లెక్స్‌ప్రెస్’ సంచికనూ పట్టుకున్నారు. రెండు వారాల్లో పుస్తకం స్విట్జర్లాండులో మళ్ళీ అచ్చయి సరిహద్దు దాటి వచ్చింది.

అలెగ్ కమ్యూనిస్టు కదా అన్నది ప్రభుత్వ పక్షపు ప్రధానమైన జవాబు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ మాట అబద్ధం కాదు, అతడు నిజంగానే కమ్యూనిస్టు. కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని అంగీకరించని పాఠకునికి ఆ ముద్ర చూడగానే చెవి మూసుకోవాలనిపించడం సహజం. ఆ ముద్ర వేసినవారు ఆశించినదీ అదే. అయితే అతని నమ్మకం ఎటువంటిదన్నది ఒక ప్రశ్న, అతని వంటికి తీగలు తగిలించారా లేదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పినట్లు చేశారు. ఇమాం బుఖారీ తన సహీహ్‌లో ఇమ్రాన్ బిన్ హిత్తాన్ నుండి ఉల్లేఖన తీసుకున్నారు. ఇమ్రాన్ ఖారిజీ. హజ్రత్ అలీ (రజి)ని చంపిన ఇబ్ను ముల్జిమ్‌ను పొగుడుతూ పద్యం చెప్పినవాడు. అంతకంటె చేదైన అభిప్రాయం ముస్లిముకు ఇంకేముంటుంది? అయినా అబద్ధమాడడని తేలిన నోటినుండి వచ్చిన మాటను ఆ కారణంతో పారవేయలేదు. దీనిపై విద్వాంసులు ఎంతో చర్చించారు, అందరూ ఏకీభవించనూ లేదు. కాని ‘వాడు ఫలానావాడు’ అనడంతోనే విచారణ ముగిసిపోలేదన్నది గమనించదగినది.

కమ్యూనిస్టు ముద్ర కమ్యూనిస్టులకే పరిమితం కాలేదు. 1959 జూన్‌లో ‘లా గాంగ్రెన్’ అనే పుస్తకం వచ్చింది. పారిస్ నడిబొడ్డున గూఢచారి శాఖ కార్యాలయంలోనే తమను హింసించారని అల్జీరియా యువకులు ఇచ్చిన వాంగ్మూలాల సంపుటి అది. కొద్ది రోజుల్లోనే జప్తయింది. ప్రధాని మిషెల్ దెబ్రే సెనేటులో నిలబడి, ఇది కమ్యూనిస్టు పార్టీ జీతగాళ్ళైన ఇద్దరు రచయితలు అల్లిన కట్టుకథ అన్నాడు. అంటే ఆ యువకులకు జరిగినది లేదు, వారి మాట వారిది కాదు, మరొకరెవరో వారి పేరుతో రాశారు! ఆ వాంగ్మూలాలలో ఒకటి ఇచ్చిన బషీర్ బూమాజా స్వతంత్ర అల్జీరియాలో మంత్రి అయ్యాడు, తరువాత ఎగువసభకు అధ్యక్షుడయ్యాడు.

ఈ విషయంలో ఒక చేదు నిజం ఉన్నది. చిత్రహింసల గురించి మొదట చెప్పినది ఫ్రెంచివారు కాదు. దెబ్బలు తిన్న అల్జీరియనులు, వారి తల్లులు, భార్యలు పోలీసులకు, న్యాయమూర్తులకు, మంత్రులకు వందలాది అర్జీలు పెట్టుకున్నారు. వారి మాట ఎవరికీ సాక్ష్యంగా కనిపించలేదు. మరూ, అలెగ్, బొలార్దియేర్ చెబితే పారిస్ ఉలిక్కిపడింది. ఫ్రెంచివారిలోని న్యాయబుద్ధిని మెచ్చుకునేటప్పుడు ఈ తేడాను మరువరాదు. నింద వేయాలన్నా మనిషి అంటూ ఒకడు కనిపించాలి. అల్జీరియా ముస్లిము చాలాకాలం వారికి నిందార్హుడుగా కూడా కనిపించలేదు.

1960లో అరెస్టయిన జమీలా బూపాషా అనే యువతి తనను సైనికులు హింసించి, మానభంగం చేశారని ఫిర్యాదు చేసింది. న్యాయవాది జిజెల్ హాలిమీ ఆమె పక్షాన నిలబడింది. సిమోన్ ద బోవుఆ వ్యాసమున్న ‘ల మోంద్’ సంచికను అల్జీర్స్‌లో జప్తు చేశారు. ఆమె గుర్తుపట్టడానికి సైనికుల ఫోటోలు ఇమ్మని న్యాయమూర్తి కోరితే, సైన్యం మనోధైర్యం దెబ్బతింటుందని అధికారులు నిరాకరించారు. 1962 మార్చిలో ఎవియాన్ ఒప్పందం తరువాత క్షమాభిక్ష శాసనాలు వచ్చాయి. ఒకటి ఆమెను విడిపించింది. అదే రోజు వెలువడిన మరొకటి ఆమెను హింసించినవారిని కాపాడింది.

విమోచన కూటమి పక్షాన అంతా స్వచ్ఛమని ఎవరైనా అంటే అది చరిత్ర కాదు. 1957 మే నెలాఖరులో మెలూజా ప్రాంతంలో తమకు పోటీ వర్గంవారని సుమారు 300 మంది ముస్లిం గ్రామస్థులను కూటమి దళం చంపింది. ఆ నేరాన్ని ఫ్రెంచి సైన్యంపైకి నెట్టారు. సొంత నాయకుడు అబ్బాన్ రమదాన్‌ను 1957 డిసెంబరులో సహచరులే మొరాకోలో గొంతు నులిమి చంపి, మరుసటి మేలో తమ పత్రిక ‘అల్-ముజాహిద్’లో ఆయన రణరంగంలో అమరుడయ్యాడని ప్రకటించారు. ఆ చీకటి కోణాలను రాసిన మాజీ కూటమి సభ్యుడు, చరిత్రకారుడు ముహమ్మద్ హర్బీ పుస్తకాన్ని స్వతంత్ర అల్జీరియా నిషేధించింది.

ఇక పారిస్. 1961 అక్టోబరు 5న నగర పోలీసు అధిపతి మోరిస్ పాపోన్ అల్జీరియా ముస్లిములకు మాత్రమే వర్తించే రాత్రి కర్ఫ్యూ విధించాడు. దానికి నిరసనగా 17వ తేదీ రాత్రి వేలాది కుటుంబాలు నిరాయుధంగా వీధుల్లోకి వచ్చాయి. పోలీసులు 11 వేలకు పైగా పట్టుకున్నారు. తుపాకులతో, లాఠీలతో చంపినవారిని, స్పృహ తప్పినవారిని సేన్ నదిలోకి విసిరేశారు. చనిపోయినవారు ఇద్దరని అధికార ప్రకటన! మొదట కాల్పులు జరిపినది ఊరేగింపువారేనని కూడా ప్రకటించారు. నెలాఖరులో ‘రిపబ్లిక్‌కు విధేయులైన కొందరు పోలీసులు’ అన్న సంతకంతో ఒక కరపత్రం బయటపడింది. ఏ వంతెన దగ్గర ఏమి జరిగిందో అందులో తోటి పోలీసులే రాశారు. ఆ కరపత్రాన్ని పాపోన్ పరువునష్టంగా పరిగణించి ఫిర్యాదు పెట్టాడు. పోలెట్ పెజూ పుస్తకాన్ని, జాక్ పానిజెల్ చలనచిత్రాన్ని జప్తు చేశారు. ముప్పై ఏళ్ళపాటు దీని గురించి మాట్లాడినవారు అతిశయోక్తి చేస్తున్నారనే లోకం అనుకున్నది.

ఆ మౌనాన్ని ఛేదించిన జాన్-లుక్ ఎనోదీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు, దారితప్పిన బాలలను సంస్కరించే శాఖలో ఉద్యోగి. ‘అతడసలు చరిత్రకారుడే కాడు’ అన్న మాట అతనిపై వేసిన మొదటి రాయి. పురాలేఖలు చూడనివ్వమని అడిగితే నిరాకరించారు. చూడనివ్వనివారే మళ్ళీ ఆధారాలేవని అడిగారు. అతడు బతికి ఉన్న సాక్షులను వెతికి, శ్మశానాల రిజిస్టర్లు తిరగేసి 1991లో పుస్తకం వెలువరించాడు. 1998 మేలో ‘ల మోంద్’లో, 1961 అక్టోబరులో పాపోన్ ఆదేశాల కింద పనిచేసిన పోలీసులు ఊచకోత జరిపారని రాశాడు. అప్పటికే, జర్మను ఆక్రమణ కాలంలో బోర్డో నుండి యూదులను శిబిరాలకు పంపడంలో తోడ్పడినందుకు పదేళ్ళ శిక్ష పడిన పాపోన్, ఎనోదీపై పరువునష్టం దావా వేశాడు.

దావాలో ఎనోదీకి పత్రాలు కావాలి. అవి పారిస్ నగర పురాలేఖాగారంలో ఉన్నాయి. 1999 ఫిబ్రవరిలో అక్కడి ఇద్దరు సీనియర్ సంరక్షకులు, బ్రిజిత్ లెనే న్యాయస్థానానికి వచ్చి, ఫిలిప్ గ్రాన్ లిఖితపూర్వకంగా, సాక్ష్యమిచ్చారు. 1961 నాటి న్యాయశాఖ రిజిస్టర్లను తాము చూశామని, నదిలోంచి తీసిన శవాల నమోదులు అందులో ఉన్నాయని, ఎనోదీ చెప్పినది వాటితో సరిపోతున్నదని చెప్పారు. మార్చిలో న్యాయస్థానం పాపోన్ దావా కొట్టివేసింది. తీర్పులో ‘ఊచకోత’ అన్న మాటను తప్పుబట్టలేదు.

దావా గెలిచినది ఎనోదీ. మూల్యం చెల్లించినది ఆ ఇద్దరు. వృత్తి రహస్యాన్ని ఉల్లంఘించారని, ఉద్యోగులు పాటించవలసిన సంయమనాన్ని మరిచారని నింద వచ్చింది. నిజానికి వారు కాగితమొక్కటీ బయటకు ఇవ్వలేదు. న్యాయస్థానం పిలిస్తే వచ్చి, ప్రమాణం చేసి, చూసినది చెప్పారు. ఉద్యోగాలు తీసివేయలేదు. అంతకంటె నిశ్శబ్దమైన శిక్ష వేశారు. చేతిలో ఉన్న పనులు తప్పించారు, తాము ఏళ్ళ తరబడి సర్దిన దస్త్రాలనుండే దూరం పెట్టారు, సమావేశాలకు పిలవడం మానారు. ఫ్రెంచివారు దీనిని ‘అలమరాలో పెట్టడం’ అంటారు, మన కార్యాలయాల్లో మూల కూర్చోబెట్టడమంటారు. జీతం వస్తుంది, గౌరవం రాదు. పైకి చూసేవారికి అన్యాయమేమీ కనిపించదు. పారిస్ పరిపాలనా న్యాయస్థానం 2003లో, మళ్ళీ 2004లో లెనే పక్షాన తీర్పు చెప్పింది. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి. నగర పాలకవర్గం మారి, వామపక్షం అధికారంలోకి వచ్చిన తరువాత కూడా ఆమె స్థితి వెంటనే మారలేదన్నది ఆ పక్షాన్ని అభిమానించేవారు గుర్తుంచుకోవలసిన సంగతి.

2000 జూన్‌లో లూయిజెత్ ఇగిలహ్‌రీజ్ అనే అల్జీరియా మహిళ, 1957లో మసూ కార్యాలయంలో తనను పెట్టిన హింసలను, తనను రక్షించిన రిషో అనే సైనిక వైద్యుని కోసం తాను వెతుకుతున్న సంగతిని ‘ల మోంద్’కు చెప్పింది. జనరల్ బిజార్ అదంతా అబద్ధాల పోగు అన్నాడు. వృద్ధుడైన మసూ మాత్రం ఆ వైద్యుణ్ణి తనకు తెలుసునన్నాడు, జరిగినదానికి విచారం వెలిబుచ్చాడు. మరుసటి ఏడాది జనరల్ ఓసారెస్ తన జ్ఞాపకాల గ్రంథంలో ఇంకా ముందుకుపోయాడు. బిన్ మహీదీని ఉరితీయించినది, బూమెంజెల్‌ను పైనుండి తోయించినది తానేనని, పశ్చాత్తాపం లేదని రాశాడు. పాత క్షమాభిక్ష చట్టాలవల్ల హత్యలకు, హింసలకు ఆయనపై కేసు నడపడం సాధ్యం కాలేదు. యుద్ధ నేరాలను సమర్థిస్తూ రాసినందుకు 2002లో 7,500 యూరోల జరిమానా విధించారు. 2005లో ప్రభుత్వ పతకం తీసేసుకున్నారు. చేసినందుకు లేని శిక్ష చెప్పినందుకు పడడంలో, తేడా ఎంత ఉన్నప్పటికీ, జనరల్ బొలార్దియేర్ తక్కెడే మళ్ళీ కనబడుతున్నది.

2018 సెప్టెంబరు 13న అధ్యక్షుడు మక్రాన్ జోజెట్ ఓదాన్ ఇంటికి వెళ్ళి, ఆమె భర్త పారిపోలేదని, సైన్యం చేతిలో హింసల పాలై మరణించాడని లేదా చంపబడ్డాడని, ఆ పద్ధతిని చట్టాలే సాధ్యం చేశాయని అంగీకరించాడు. అప్పటికి 61 సంవత్సరాలు. జోజెట్ మరో ఐదు నెలలే బతికింది. బ్రిజిత్ లెనే ఆ ఏడాది నవంబరులోనే చనిపోయింది. బూమెంజెల్‌ది హత్యేనని 2021 మార్చిలో, బిన్ మహీదీది హత్యేనని 2024 నవంబరు 1న ఫ్రాన్సు అధికారికంగా ఒప్పుకున్నది. ఓదాన్ ప్రకటన వెలువడగానే ఇద్దరు చరిత్రకారులు ‘ఇంకా వెయ్యిమంది’ అన్న పేరుతో అల్జీర్స్‌లో అదృశ్యమైనవారి పేర్లను సేకరించడం మొదలుపెట్టారు. మూడు తరాలుగా ఎదురుచూస్తున్న కుటుంబాలు ఫోటోలు, చివరిసారి చూసిన తేదీలు పంపాయి.

పురాలేఖలు తెరుస్తామని కూడా 2018లో మాట ఇచ్చారు. మరుసటి సంవత్సరం, 50 ఏళ్ళు దాటి చట్టరీత్యా అందరికీ అందుబాటులోకి వచ్చిన పత్రాలపై సైతం ‘రహస్యం’ ముద్ర ఉంటే, ఒక్కొక్క కాగితానికి విడిగా ఆ ముద్ర తొలగించే ఉత్తర్వు కావాలన్న నియమాన్ని కఠినంగా అమలుపరచడం ప్రారంభించారు. పురాలేఖాగారాల ఉద్యోగులు, చరిత్రకారులు, ఓదాన్ సంఘంవారు కలిసి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానానికి వెళ్ళారు. 2021 జూలై 2న ఆ నియమం చట్టవిరుద్ధమని న్యాయస్థానం కొట్టివేసింది. అదే నెల 30న వెలువడిన కొత్త చట్టం, గూఢచారి శాఖల పద్ధతులు మొదలైన కొన్ని తరగతుల పత్రాలను 50 ఏళ్ళు దాటినా, గడువు చెప్పకుండా, మూసి ఉంచే వీలు కల్పించింది.